యాపిల్ మీద లార్డ్ కెల్విన్ లెక్క

కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీలకు బెంగళూరా కాయ తోలే రైతులకూ, సాంగ్లీ, సోలాపూర్ వైపు ద్రాక్ష తోటలతో సంబంధం ఉన్నవాళ్లకూ, సింధనూరు, గంగావతి క్యాంపుల్లో వరి, మిరప వేసే మనవాళ్లకూ ఒక అంకె బాగా పరిచయం. ల్యాబ్ రిపోర్టులో మందు పేరు పక్కన కనిపించే 0.01. కిలో సరుకులో మిల్లీగ్రాములో నూరో వంతు. అంటే వంద టన్నుల సరుకులో ఒక్క గ్రాము మందు. ప్రత్యేకంగా హద్దు నిర్ణయించని ప్రతి పురుగుమందుకూ యూరప్ దేశాలు 2008 నుంచి అమలు చేస్తున్న హద్దు ఇదే. అది దాటితే కంటైనర్ ఓడరేవులోనే ఆగిపోతుంది.

ఈ నూరో వంతు అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, మేము అనుకోని ఒక మనిషి దగ్గరికి చేరాం. ఆయన వ్యవసాయ శాస్త్రవేత్త కాదు, డాక్టరూ కాదు. హైస్కూలు భౌతికశాస్త్రంలో ఉష్ణోగ్రతకు కొలమానంగా మనమంతా చదివిన కెల్విన్. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడనీ, ఆ మనిషి చివరి రోజుల్లో చేసిన ఒక పనికీ మన మామిడి గుజ్జు డబ్బాకూ సంబంధం ఉందనీ చదువుకున్న రోజుల్లో మాకెవరూ చెప్పలేదు.

ఆయన అసలు పేరు విలియం థామ్సన్. 1824 జూన్ 26న బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ లెక్కల మాస్టారు. విలియంకు ఆరేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి పిల్లలను తానే దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాడు. ఆ తర్వాత తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసర్‌గా ఉద్యోగం రావడంతో కుటుంబం స్కాట్లండ్‌కు మారింది. 1834లో, పదేళ్ల వయసులో విలియం అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా పేరు రాయించుకున్నాడు. ఆ కాలంలో అక్కడ చిన్న పిల్లలను చేర్చుకోవడం ఉండేది కానీ, పదేళ్లంటే అప్పటికీ చిన్న వయసే.

పదిహేడేళ్లకు కేంబ్రిడ్జి వెళ్లాడు. 1845లో అక్కడి లెక్కల పరీక్షలో మొదటి స్థానం ఆయనదేనని అందరూ అనుకుంటే రెండో స్థానం వచ్చింది. ఆ వెంటనే పారిస్‌కు పోయి రెన్యో అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో కొన్నాళ్లు పనిచేశాడు. రెన్యో పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆవిరి గురించి, వాయువుల గురించి అంత జాగ్రత్తగా కొలిచినవాడు ఆ రోజుల్లో మరొకడు లేడు. ఆ కొలిచే అలవాటు థామ్సన్‌కు అక్కడే పట్టుబడిందని మా అభిప్రాయం.

1846లో, ఇరవై రెండేళ్ల వయసులో గ్లాస్గోలో ప్రొఫెసర్ అయ్యాడు. అదే కుర్చీలో 53 ఏళ్లు ఉన్నాడు. కేంబ్రిడ్జి పిలిచినా పోలేదు. విద్యార్థుల చేత స్వయంగా ప్రయోగాలు చేయించాలని ఆయన పట్టుబడితే, విశ్వవిద్యాలయం వాడకంలో లేని ఒక పాత సారాయి నేలమాళిగను ఇచ్చింది. బ్రిటన్‌లో విద్యార్థుల కోసం వెలిసిన మొదటి భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో అదొకటి. 1848లో, చలికి కిందవైపు ఒక హద్దు ఉందని, అది సున్నా సెంటిగ్రేడుకు సుమారు 273 డిగ్రీలు దిగువన ఉంటుందని లెక్కగట్టి, అక్కడి నుంచి మొదలయ్యే ఉష్ణోగ్రత మానాన్ని ప్రతిపాదించాడు. ఈ రోజు ఆయన పేరు దానికే నిలిచింది.

జనానికి ఆయన పేరు తెలిసింది మాత్రం సముద్రం వల్ల. ఐర్లండ్ నుంచి అమెరికా ఖండానికి అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసే పనిలో ఆయన సలహాదారుగా చేరాడు. 1858లో తీగ వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ అసలు డాక్టరు. సంకేతం బలహీనంగా ఉందని ఆయన తీగలోకి సుమారు రెండు వేల వోల్టుల ఒత్తిడి తోశాడు. కొద్ది వారాలకే తీగ చచ్చిపోయింది. థామ్సన్ దారి వేరు. పంపే బలం పెంచొద్దు, అందుకునే చోట పరికరాన్ని సున్నితం చేద్దామన్నాడు. గోరంత అద్దాన్ని అయస్కాంతానికి అతికించి, దారానికి వేలాడదీసి, దాని మీద పడిన వెలుగు చుక్క ఎటు కదిలిందో చూసే పరికరం తయారుచేశాడు. కంటికి ఆనని విద్యుత్తు కూడా గోడ మీద వెలుగు చుక్కగా కనిపించేది. 1866లో తీగ నిలబడింది. ఆయనకు సర్ బిరుదు వచ్చింది. తీగల పేటెంట్లు, ఓడల్లో వాడే దిక్సూచి, సముద్రం లోతు కొలిచే యంత్రం, ఇవన్నీ ఆయనను బాగా సంపన్నుణ్ణి చేశాయి. లల్లా రూఖ్ అనే సొంత పడవ కొనుక్కున్నాడు. మంచు మీద ఆట ఆడుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, జీవితాంతం కుంటుతూనే నడిచాడు. మొదటి భార్య మార్గరెట్ చాలా ఏళ్లు జబ్బుతో ఉండి 1870లో చనిపోయింది. 1874లో మదీరా దీవికి చెందిన ఫ్రాన్సెస్ బ్లాండీని పెళ్లాడాడు. పిల్లలు లేరు.

1892లో ప్రభువుల సభలోకి తీసుకున్నప్పుడు, విశ్వవిద్యాలయం పక్కన పారే చిన్న ఏరు పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు. కెల్విన్ అంటే ఆ ఏరే. రాచబిరుదుకు ఊరి వాగు పేరు పెట్టుకున్నవాడంటే మాకు కొంచెం ఇష్టం కలిగింది.

అన్నీ మెచ్చుకోదగ్గవే కావు. భూమి వయసు ఎంతో చల్లారే లెక్క కట్టి, 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లలోపు అన్నాడు. పోనుపోను దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. అసలు వయసు 450 కోట్ల ఏళ్లకు పైనే. భూగర్భ శాస్త్రవేత్తలు రాళ్లు చూపించి కాదన్నా ఆయన తన అంకె వదల్లేదు. అంకె కచ్చితంగా ఉన్నంత మాత్రాన నిజం కాదని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. దీన్ని గుర్తుపెట్టుకుని ముందుకు వెళదాం, ఎందుకంటే ఆయన వేసిన తర్వాతి గీత కూడా అంకే.

1899లో ఉద్యోగం మానేశాడు. మానేసిన వెంటనే అదే విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా మళ్లీ పేరు రాయించుకున్నాడు. పదేళ్లప్పుడు ఒకసారి, డెబ్బై అయిదేళ్లప్పుడు ఒకసారి.

1900 సంవత్సరంలో మాంచెస్టర్, సాల్ఫర్డ్ ప్రాంతాల్లో పేదవాళ్లకు ఒక వింత జబ్బు మొదలైంది. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, అరికాళ్లు మంటలు, నడవలేకపోవడం, చర్మం నల్లబడడం. డాక్టర్లు తాగుడు వల్ల నరాలు పాడయ్యాయన్నారు. జబ్బు పడ్డవాళ్లు నిజంగానే బీరు తాగేవాళ్లు, అందులో ఆడవాళ్లూ చాలామంది ఉన్నారు. కాబట్టి ఆ మాట సులువుగా అతుక్కుంది. పేదవాడికి జబ్బొస్తే ముందు వాడి అలవాటు మీద పడటం ఏ దేశంలోనైనా ఉన్నదే. మన దగ్గర మందు కొడుతూ పడిపోయిన కూలీని తాగి కొట్టాడని అనడం మేమూ విన్నాం.

పేదల ఆస్పత్రిలో పనిచేసే రెనాల్డ్స్ అనే డాక్టరు ఆ మాటతో సరిపెట్టుకోలేదు. ఘాటైన సారాయి తాగేవాళ్లకు రాని జబ్బు చవక బీరు తాగేవాళ్లకే ఎందుకు వస్తోందని అనుమానించాడు. రోగుల చర్మం చూస్తే ఆర్సెనిక్ తిన్నవాళ్ల చర్మంలా కనిపించింది. ఆర్సెనిక్ అంటే మన పాషాణం. బీరు తెప్పించి పరీక్షిస్తే దొరికింది. అక్కడి నుంచి గొలుసు పట్టుకుని వెనక్కి పోయారు. చవక బీరులో మొలకెత్తిన బార్లీకి బదులు కొంత చక్కెర కలుపుతారు. ఆ చక్కెరను పిండి నుంచి గంధకామ్లంతో తయారుచేస్తారు. ఆ గంధకామ్లాన్ని ఆర్సెనిక్ ఉన్న ఖనిజం నుంచి తీశారు, శుద్ధి చేయకుండానే పంపారు. బీరు కాచినవాడికి తెలియదు, చక్కెర చేసినవాడు అడగలేదు. ఆరు వేల మందికి పైగా జబ్బు పడ్డారు. కనీసం 70 మంది చనిపోయారు.

1901 ఫిబ్రవరిలో ప్రభుత్వం విచారణ సంఘం వేసి, 76 ఏళ్ల కెల్విన్‌ను అధ్యక్షుడిగా పెట్టింది. సంఘంలో వైద్యులూ, పార్లమెంటు సభ్యులూ, ప్రభుత్వ ప్రయోగశాల అధిపతి థోర్ప్ కూడా ఉన్నారు. బీరు వ్యాపారం చాలా పెద్దది, దాని మీద ప్రభుత్వానికి వచ్చే పన్నూ పెద్దదే. అటు వ్యాపారులూ ఇటు జనమూ కాదనలేని పేరు కావాలంటే ఆ రోజు బ్రిటన్‌లో కెల్విన్‌ను మించినది లేదు. ఆయనను ఎంచుకోవడంలో ఈ ఆలోచన ఉండి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

సంఘం రెండేళ్లకు పైగా సాక్ష్యాలు విన్నది. వింటూ పోతే తప్పు ఒక్క చక్కెరది కాదని తేలింది. బార్లీని ఆరబెట్టే బట్టీల్లో కాల్చే బొగ్గులోనూ కోకులోనూ ఆర్సెనిక్ ఉంది. ఆ పొగ గింజకు పడుతుంది. అంటే చక్కెర కలపని బీరులో కూడా కొంత ఉంటుంది. ఇప్పుడు చిక్కు వచ్చింది. ఆర్సెనిక్ పూర్తిగా లేకుండా ఉండాలంటే కుదరదు. ఎంతవరకు తింటే ఏమీ కాదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. మరి ఎక్కడ గీత గీయాలి?

అప్పటికి ఉన్న పరీక్ష మార్ష్ అనే ఆయన 1836లో కనిపెట్టింది. జింకు, ఆమ్లం కలిపితే హైడ్రోజన్ పుడుతుంది. సరుకులో ఆర్సెనిక్ ఉంటే అది ఆ హైడ్రోజన్‌తో కలిసి వాయువుగా పోతుంది. దాన్ని వేడిచేసిన గాజు గొట్టం గుండా పంపితే గొట్టం లోపల నల్లటి అద్దంలా పూత పడుతుంది. ముందుగా తెలిసిన మోతాదులతో చేసి పెట్టుకున్న పూతల పక్కన పెట్టి పోల్చి ఎంత ఉందో చెబుతారు. వాడే జింకులో, ఆమ్లంలో ఆర్సెనిక్ ఉంటే మొత్తం లెక్క తప్పుతుంది. అందుకే థోర్ప్ జింకు లేకుండా విద్యుత్తుతో హైడ్రోజన్ పుట్టించే పద్ధతి తయారుచేశాడు. గోడ మీద వెలుగు చుక్కతో సన్నటి విద్యుత్తును పట్టిన కెల్విన్‌కు ఈ గాజు గొట్టం భాష కొత్తేమీ కాదు.

1903లో తుది నివేదిక వచ్చింది. ద్రవమైతే గాలనుకు గ్రెయిన్‌లో నూరో వంతు, ఘనమైతే పౌనుకు గ్రెయిన్‌లో నూరో వంతు ఆర్సెనిక్ ఉన్నట్టు సరైన పరీక్షలో తేలితే అమ్మినవాడికి శిక్ష వేయవచ్చన్నారు. మన పాత తులానికి 180 గ్రెయిన్లు. అంటే తులంలో పద్దెనిమిది వేలవ వంతు. ఇప్పటి లెక్కలో కిలోకు 1.43 మిల్లీగ్రాములు. ఒక మనిషి ఆ పదార్థాన్ని ఎక్కువ తింటాడా తక్కువ తింటాడా అన్నది చూడొద్దని, ఏ తిండికైనా ఇదే వర్తిస్తుందని కూడా చెప్పారు. ఈ మాట చాలా పెద్దది. బీరు కోసం పుట్టిన గీత అన్ని తిండ్లకూ పాకింది.

ఈ హద్దు లోపల ఉంటే ప్రాణానికి ఏమీ కాదని సంఘం చెప్పలేదు. పరీక్షలో నమ్మకంగా పట్టుకోగలిగినదీ, జాగ్రత్తగా తయారుచేసేవాడు అందుకోగలిగినదీ ఎంతో చూసి అక్కడ గీశారు. గీతను పార్లమెంటు చట్టంగా కూడా చేయలేదు. అయినా కోర్టులు దాన్నే పట్టుకున్నాయి. ఇప్పటి 0.01 కూడా ఇలాంటిదే. చాలా మందులకు అది విషం మొదలయ్యే చోటు కాదు, పరికరం కచ్చితంగా చూడగలిగే చోటు. మన రైతులు 0.012 వస్తే విషమా అని అడుగుతుంటారు. సరుకులో విషం ఉందా అన్నది ఒక ప్రశ్న, సరుకు హద్దు దాటిందా అన్నది వేరే ప్రశ్న. ల్యాబ్ జవాబు చెప్పేది రెండోదానికే.

కెల్విన్ 1904లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చాన్సలర్ అయ్యాడు. 1907 డిసెంబర్ 17న లార్గ్స్ పట్టణం దగ్గరి తన ఇంట్లో చనిపోయాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి దగ్గర పాతిపెట్టారు. నివాళుల్లో తీగ గురించి, ఉష్ణం గురించి రాసినవి లెక్కలేనన్ని. ఆర్సెనిక్ సంఘం ప్రస్తావన ఎక్కడో ఒక మూల ఉండేది.

అసలు కథ ఆయన పోయాక నడిచింది. అమెరికాలో యాపిల్ కాయను తొలిచే పురుగుకు లెడ్ ఆర్సెనేట్ కొట్టేవారు. సీసమూ పాషాణమూ కలిసిన మందు. 1892 ప్రాంతంలో వచ్చింది, చవక, ఆకును మాడ్చదు, కాయకు గట్టిగా అంటుకుంటుంది. పడమటి రాష్ట్రాల తోటల్లో వానలు తక్కువ కాబట్టి కొట్టిన మందు కొట్టినట్టే నిలిచేది. పురుగు మొండికేసే కొద్దీ కొట్టుళ్లు పెరిగాయి. మన పత్తిలో, మిరపలో జరిగిన కథే. ఆ యాపిల్స్ ఓడలెక్కి బ్రిటన్ చేరేవి. 1925లో లండన్‌లో జనం జబ్బు పడ్డారని విచారిస్తే అమెరికా యాపిల్స్ మీద ఆర్సెనిక్ కనిపించింది. పరీక్షలో పౌనుకు నూరో వంతు గ్రెయిన్ దాటింది. పండ్ల వ్యాపారుల మీద కేసులు పడ్డాయి, పత్రికలు గొడవ చేశాయి. మీ పండు శుభ్రం కాకపోతే రానివ్వబోమని బ్రిటన్ అమెరికా ప్రభుత్వానికి చెప్పేసింది. చనిపోయి పద్దెనిమిదేళ్లయిన ముసలాయన బీరు గీత సముద్రం అవతలి తోటల మీద పడింది.

అప్పుడు అమెరికా అధికారులు చేసిన పని చదివినప్పుడు మాకు మనసు చివుక్కుమంది. ఎగుమతి పండుకు బ్రిటన్ హద్దే పెట్టారు. ఇంట్లో తినే పండుకు మాత్రం 1927లో పౌనుకు 0.025 గ్రెయిన్ అన్నారు, అంటే రెండున్నర రెట్లు. ఒక్కసారిగా తగ్గిస్తే రైతులు దెబ్బతింటారని కారణం. ఆ సంగతి తమ జనానికి పెద్దగా చాటలేదు కూడా. కడిగిన పండు లండన్ పిల్లలకు, కడగనిది తమ పిల్లలకు.

రైతు పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మందు కొట్టమని చెప్పిందీ, ఎన్నిసార్లు కొట్టాలో క్యాలెండరు ఇచ్చిందీ ప్రభుత్వ వ్యవసాయ శాఖలే. పండు కోతకొచ్చాక ఎక్కువైందన్నారు. ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ గొడవతో 2010లో మహారాష్ట్ర రైతుల కంటైనర్లు యూరప్‌లో ఆగినప్పుడూ, వరి అగ్గితెగులుకు మనమంతా కొట్టే ట్రైసైక్లజోల్ హద్దును యూరప్ 2017లో 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించినప్పుడూ రైతు అడిగింది ఇదే. నిన్నటిదాకా కొట్టమన్నారు కదా అని.

అయితే గీత కదలనప్పుడు మనుషులు దారి వెతుక్కున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని తోటల వాళ్లు యాపిల్స్‌ను పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, నీళ్లతో కడిగే యంత్రాలు పెట్టుకున్నారు. ఖర్చు పెరుగుతుందని మొదట గోల పెట్టినవాళ్లే ఒకటి రెండు సీజన్లకు అలవాటుపడ్డారు. కడగడం సాధ్యమేనని ఎగుమతి పండు రుజువు చేసింది కాబట్టి ఇంటి పండుకు సాకు లేకుండా పోయింది. ఏడాదికి కొంత చొప్పున తగ్గిస్తూ వచ్చి 1932కల్లా అమెరికా సొంత జనానికీ అదే 0.01 గ్రెయిన్ పెట్టింది. ఆ తర్వాత సీసానికి వేరే హద్దు కోసం ఇంకా పెద్ద యుద్ధం జరిగింది, అది కెల్విన్ కథలోకి రాదు. వేర్వేరు దేశాల హద్దులను ఒక దారికి తేవడానికి ఐక్యరాజ్య సమితి సంస్థలు కోడెక్స్ పేరుతో సంఘం పెట్టుకున్నది 1963లో.

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు మాలో ఒకరు క్యాంపు రైతు ఒకాయనను అడిగారు. ఆయన ఒక కంపెనీ ఒప్పందం మీద కొంత మిరప వేస్తారు. ఆ మడికి ఏ రోజు ఏ మందు కొట్టారో పుస్తకంలో రాస్తారు, కోతకు ముందు ఎన్నాళ్లు ఆపాలో పాటిస్తారు. పక్క మడిలోది మామూలు మార్కెట్‌కు పోతుంది, దానికి పుస్తకం లేదు. ఇంట్లో ఏడాది కారానికి ఏ మడి కాయ ఉంచుకుంటారని అడిగితే ఆయన కాసేపు నవ్వారు. పుస్తకం ఉన్న మడిదే, అమ్మడానికి ముందే రెండు బస్తాలు పక్కన పెడతామని చెప్పారు.